కాఫీకి ముందు తీర్పు

సైదమ్మ గేదె జొన్నలదిన్నె కోర్టులో తీర్పుకోసమే పద్నాలుగు నెలలు నిర్బంధంలో ఉంది. గేదె చేసిన నేరమంటూ ఏమీ లేదు. ఒకనాటి సాయంత్రం మేత నుంచి తిరిగొస్తూ, కుడితి వాసన ముక్కుకు తగలగానే తన కొట్టం దాటిపోయి పక్కింటి చెంచురామయ్య కొట్టంలో దూరింది. చెంచురామయ్య తడిక వేసేసి లోపలినుంచే "ఇది నా బర్రె" అన్నాడు. అంతకుముందు అతనికి గేదె లేదు. ఉందని తెలిసిన క్షణం నుంచి మాత్రం అది లేకుండా బతకలేనన్నాడు. వ్యవహారం దావాకెక్కింది, ఎవరిదో తేలేదాకా గేదెను కోర్టు వెనక షెడ్డులో కట్టేశారు.

సైదమ్మ మొగుడు పోయి ఆరేళ్ళయింది. ఆమెకు మిగిలింది ఆ గేదె ఒక్కటే. దాని పేరు బంగారి. అంత నల్లటి జీవానికి ఆ పేరేమిటని ఎవరన్నా అడిగితే, "పాలు పితికి చూడు, తెలుస్తది" అనేది. దూడ పోయినా తవుడు గంప ముందు పెడితే చాలు, చేపే సాధుజంతువు. దాని పుణ్యాన పన్నెండిళ్ళకు పాలు పోసి మర్యాదగా బతికిన మనిషి, గేదె కోర్టుపాలయ్యాక మిరపకాయల కొట్లో తొడిమలు తుంచే కూలికి పోయింది. అన్నం కలుపుకోబోతే చేతులు భగ్గున మండేవి. కోర్టుకెక్కినవాళ్ళలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడంటారు. సైదమ్మ ఓడకుండా, గెలవకుండానే రెండుచోట్లా ఏడ్చింది.

అప్పటి న్యాయాధికారి గరుడాచలంగారు. నుదుట వీబూది, నోట సెక్షను లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. సైదమ్మ దావాలో ఆనవాళ్ళ కింద ప్లీడరు రాసిన మాట ఒకటుంది: "సదరు గేదె పాలు మిక్కిలి చిక్కనివి. కాఫీలో పోసిన యెడల గ్లాసు అంచున మీగడ కట్టును." చెంచురామయ్య ఊరుకోలేదు. తన గేదె పాలకు కాస్త పచ్చిగడ్డి వాసన ఉంటుందని జవాబుదావా వేయించాడు. గరుడాచలంగారు రెండూ చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఇది వాదనలు విని తేల్చు విషయము కాదు. న్యాయస్థానము స్వయముగా పరిశీలించవలసియున్నది."

మర్నాడు పదకొండు గంటలకు డఫేదారు ఏసోబు కాఫీ తెచ్చి బల్లమీద పెట్టాడు. కోర్టులో పేర్లు కేకలేసి పిలిచేది అతనే, వెనక షెడ్డులో గేదెను పితికేదీ అతనే. న్యాయాధికారి ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని చాలాసేపు న్యాయం ఆలోచించారు. తర్వాత రెండో గుక్క కూడా ఆలోచించారు.

"మీగడ విషయము రుజువైనది. వాసన విషయమై సందేహము మిగిలియున్నది. తదుపరి పరిశీలనకై రేపటికి వాయిదా."

ఆ సందేహం పద్నాలుగు నెలలు తీరలేదు. ఆదివారం కోర్టుకు సెలవుగాని సందేహానికి సెలవు లేదు గనక ఆ ఒక్కరోజూ గ్లాసు ఆయన ఇంటికి వెళ్ళేది.

ఒకనాడు ఉదయం సైదమ్మ కోర్టు వరండాలో కూచుని ఉండగా ఏసోబు వట్టి చెంబుతో ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సైదక్కా, ఇయ్యాల నీ కేసు తేలిపోతది."

"నీకెట్టా తెలుసు?"

"బర్రె వట్టిపోయింది."

అతని మాట అక్షరాలా నిజమైంది. పదకొండున్నరకు గరుడాచలంగారు, కాఫీలేని మొహం వేలాడేసుకుని, "సాక్ష్యాధారములనన్నింటినీ ఆమూలాగ్రము పరిశీలించిన మీదట" గేదె సైదమ్మదేనని తీర్పు చెప్పేశారు. సైదమ్మ ఆనందం పట్టలేక ఏసోబు చేతులు పట్టుకుని ఏడ్చింది. సంతకి వెళ్ళి కొత్త పగ్గం కొనుక్కొచ్చింది. తీర్పు నకలు చేతికందడానికి పదిరోజులు పడుతుందన్నారు. పద్నాలుగు నెలలు ఆగినదాన్ని పదిరోజులు ఆగలేనా అనుకుంది.

ఆ పదిరోజుల్లో చెంచురామయ్య ఊరుకుంటే కథ ఇక్కడితో అయిపోయేది. "నా బర్రె పాలు పద్నాలుగు నెలలు తాగి, వట్టిపోయినాక సైదమ్మకిచ్చాడు" అని అతను పైకి అర్జీ పెట్టాడు. పైనుంచి విచారణాధికారి జలంధరరావుగారు దిగారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో అనుమానిస్తున్నట్టు ఉంటారు. గరుడాచలంగారి మీద మోపిన అభియోగం ఇది: "వివాదాస్పద స్థితిలోనున్న ఆస్తిని ద్రవరూపమున, చక్కెరతో సహా, దైనందినముగా సేవించుట."

"చక్కెర నాదండీ," అన్నారు గరుడాచలంగారు. ఆయన తరఫు వాదన మొత్తం అదే.

ఆయన్ని ఉద్యోగం నుంచి తొలగించారు. ఇంతవరకూ ఎవరూ తప్పుపట్టేది లేదు. కంచే చేను మేస్తే కంచె పీకెయ్యాల్సిందే. కాని జలంధరరావుగారు కంచె పీకి ఊరుకునే మనిషి కారు. చేను కూడా దున్నిస్తేగాని ఆయనకు నిద్రపట్టదు. కోర్టు హాలులో అందరినీ నిలబెట్టి ఉత్తర్వు చదివారు. పగ్గం భుజాన వేసుకుని సైదమ్మ వెనక వరసలో నిలబడింది.

"దుష్ప్రవర్తన ప్రతిదినము మొదటి గుక్కతో ఆరంభమగుచున్నది. మొదటి గుక్కకు పూర్వము సదరు అధికారి నిర్దోషి. కావున కాఫీకి ముందు వెలువరించిన తీర్పులు చెల్లును. కాఫీకి తర్వాత వెలువరించినవి చెల్లవు. ఈ మేరకు రెండు గడులు గల పట్టిక తయారుచేయవలెను."

పట్టిక బాధ్యత కోర్టు పెద్ద గుమాస్తా, శిరస్తాదారు పట్టాభిరామారావుగారి మీద పడింది. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో గీత వంకరపోకుండా గడి కొట్టడంలో జిల్లాకే పేరు మోసినవాడు. పెద్ద రిజిస్టరు తెరిచి, ఎడమవైపు "ముందు" అని, కుడివైపు "తర్వాత" అని రాసి ఎర్ర సిరాతో రెండుసార్లు గీత కొట్టారు.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా కోర్టు వరండాలోనే కాపురం. పదీ యాభైకి విడాకులు తీసుకున్నవాళ్ళు హాయిగా ఇంటికి పోయారు. పదకొండూ పదికి తీసుకున్న ఒక జంట మాత్రం కొత్తగా చేసుకున్న మొగుణ్ణీ పెళ్ళాన్నీ కూడా వెంటబెట్టుకుని నలుగురుగా వచ్చారు.

"అయితే మేం మళ్ళీ మొగుడూ పెళ్ళాలమా అండి?" అని అడిగాడు పాత మొగుడు వణుకుతూ.

"నిస్సందేహముగా," అన్నారు జలంధరరావుగారు. "శనివారము లోపున కాపురమును పునరుద్ధరించి, పునరుద్ధరించినట్లు నివేదిక సమర్పించవలెను."

ఆవిడ వైపు తిరిగి, "నివేదికపై ఉభయుల సంతకములు ఉండవలెను," అని కూడా అన్నారు. ఆవిడ ఆ సంతకం ఏ చెప్పుతో పెట్టమంటారో అడిగింది గాని ఆయన వినిపించుకోలేదు.

కోళ్ళ దొంగతనం కేసులో మధ్యాహ్నం విడుదలైన ఒకడు, విడుదల చెల్లదన్నారని బుద్ధిగా సబ్‌జైలుకి వెళ్ళాడు. వాణ్ణి లోపల పెట్టమన్న ఉత్తర్వు కూడా కాఫీ తర్వాతదేనని జైలువాళ్ళు రానివ్వలేదు. పాపం వాడు గుమ్మంలో కూచున్నాడు. లోపలివాళ్ళకు వండిన అన్నంలో ఇంత వాడికీ పడేస్తున్నారు. మూణ్ణెల్లలో వాడు కాస్త ఒళ్ళు చేశాడు కూడా.

ఏ రోజు కాఫీ ఎన్నింటికి అందిందో చెప్పగల మనిషి ఏసోబు ఒక్కడే. గరుడాచలంగారి గుక్కలకు వేరే రికార్డు లేదు. దాంతో ఏసోబు రాత్రికి రాత్రే పెద్దమనిషైపోయాడు. ప్లీడర్లు అతనికి కుర్చీ వేస్తున్నారు. అతను కళ్ళు మూసుకుని, "ఆ రోజు పాలు పొంగిపోయినాయండీ, మళ్ళా పెట్టాల్సొచ్చింది, పదకొండుంబావైంది" అంటే ఒకాయన గోడ నిలబడింది. "ఆ రోజు బర్రె తన్నకుండా ఇచ్చింది, పదకొండుకల్లా గ్లాసు బల్లమీదుంది" అంటే మరొకాయన దారి మూసుకుపోయింది. ఎవరు ఎంత బతిమాలినా ఏసోబు అబద్ధం చెప్పలేదు. అదొక్కటే ఆ వ్యవహారం మొత్తంలో సైదమ్మకు నమ్మబుద్ధయిన విషయం.

ఆమె వంతు తొమ్మిదో రోజున వచ్చింది.

"ఈ అమ్మ తీర్పు ఎన్నింటికి?" అన్నారు జలంధరరావుగారు.

"పదకొండున్నరకండి," అన్నారు పట్టాభిరామారావుగారు.

"కాఫీ?"

ఏసోబు గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు కాఫీ లేదండి. బర్రె వట్టిపోయింది."

శిరస్తాదారుగారి కలం ఎడమ గడి మీద కాసేపు, కుడి గడి మీద కాసేపు ఆగి, చివరికి గీత మీద నిలబడిపోయింది.

"అంటే ఆ రోజు ఆయన తప్పేమీ చెయ్యలేదు గదయ్యా," అంది సైదమ్మ ఆశగా. "మరి నాది మంచి తీర్పే గదా?"

"అమ్మా, మంచి చెడ్డలకు పట్టికలో గడి లేదు. ముందు, తర్వాత అని రెండే ఉన్నవి. రాని కాఫీకి ముందు అనుట ఎట్లు? రాని కాఫీకి తర్వాత అనుట ఎట్లు?"

"అయ్యా, నా బర్రెను నాకియ్యడానికి కాఫీ ఎందుకు?"

జలంధరరావుగారు ఆమె వంక జాలిగా చూశారు. చదువుకోని వాళ్ళ ప్రశ్నలకు చదువుకున్నవాళ్ళు అలాగే చూస్తారు. ఫైలు పైకి పంపారు. పద్నాలుగు నెలల్లో మచ్చలేని తీర్పు అదొక్కటే. దానికే చోటు లేకపోయింది.

ఏడు వారాలకు పైనుంచి జవాబొచ్చింది. "కాఫీ సంభవించని దినమున ఇచ్చిన తీర్పును తదుపరి కాఫీకి ముందు ఇచ్చినదిగా భావించవలెను. అయితే తదుపరి కాఫీ సంభవించిన పిమ్మట మాత్రమే అది దానికి ముందుదని తేలును. కావున సదరు గేదె పాలతో మరల కాఫీ సంభవించువరకు సదరు గేదెను విడుదల చేయరాదు."

సైదమ్మకు ఏసోబు దాన్ని మామూలు మాటల్లో చెప్పాడు. "బంగారి మళ్ళా ఈనాలంట. పాలియ్యాలంట. దాంతో కాఫీ కాయాలంట. అప్పుడు గాని నీది ముందు తీర్పో కాదో చెప్పలేరంట."

"ఈనడానికి ఇంటికి తోలుకుపోతే?"

"వదిలితే గదా అక్కా."

దున్న ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఇక్కడ ఈనవలసింది గేదే గనక కోర్టువారికి ఆ పాటి తేలిక కూడా లేకపోయింది. ముందు దున్నపోతు కావాలి. నాలుగుమైళ్ళ అవతలి నుంచి ఒక ఆసామి తన దున్నపోతును తోలుకొచ్చాడు. గేటు దగ్గర శిరస్తాదారుగారు అడ్డం నిలబడ్డారు.

"ఇంత జరిగిన తర్వాత నడవడిక విచారించకుండా ఎవరినీ ఆవరణలోకి రానిచ్చేది లేదు. సత్ప్రవర్తన ధ్రువపత్రం ఏది?"

"దున్నపోతుకా?" అన్నాడు ఆసామి.

"పూర్వచరిత్ర అన్నా తెలియాలి కదా!"

"దాని పూర్వచరిత్ర చుట్టుపక్కల నాలుగూళ్ళల్లో మేస్తా తిరగతా ఉంది. పొయ్యి చూసుకోండి."

ధ్రువపత్రం రావడానికి మూడు వారాలు పట్టింది. అందులో సదరు దున్నపోతు ఏ రాజకీయ పక్షానికీ చెందినది కాదని కూడా రాసి ఉంది.

తర్వాత పది నెలలు. బంగారి చూలుతో ఉంటే సైదమ్మ రోజూ మిరపకాయల కొట్లో పనయ్యాక పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని కోర్టుకు వచ్చేది. షెడ్డులోకి వెళ్ళాలంటే సందర్శకుల పుస్తకంలో వేలిముద్ర వెయ్యాలి. అందులో "గేదెతో సందర్శకురాలి సంబంధము" అనే చోట శిరస్తాదారుగారు రోజూ "ఇంకను తేలలేదు" అని రాసేవారు. సైదమ్మ కారం చేతులు మూడుసార్లు కడుక్కుని గాని బంగారి ఒంటిమీద చెయ్యి వేసేది కాదు. తన మండే చేతుల సంగతి దానికి తెలియకూడదని ఆమె పట్టుదల.

ఈలోగా కొత్త న్యాయాధికారి కృపానందంగారు వచ్చారు. కుర్రవాడు, ఉత్తముడు, భయస్థుడు. పాత అధికారి గతి విన్న రోజునుంచి కాఫీ మానేశారు. టీ మానేశారు. ముందుజాగ్రత్తగా మజ్జిగన్నం కూడా మానేసి చారుతో సరిపెట్టుకుంటున్నారు. షెడ్డు వైపు కిటికీ ఉంటే దానికి మేకులు కొట్టించారు.

బంగారి ఈనింది. పెయ్యదూడ. సైదమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని తుడుస్తూ నవ్వుతూనే ఏడ్చింది. జున్నుపాలు అయ్యి మంచి పాలు పడగానే పైకి జాబు వెళ్ళింది. పైనుంచి జాబు దిగింది. న్యాయాధికారి హాలులో బహిరంగంగా కాఫీ తాగాలి. "అయితే సదరు కాఫీని కేవలము అధికార హోదాలో మాత్రమే సేవించవలెను. రుచిని వ్యక్తిగతముగా ఆస్వాదించరాదు. విచారణాధికారియు, శిరస్తాదారును తలా ఒక గ్లాసు సేవించి, కాఫీ కాఫీయేనని ధ్రువీకరించవలెను."

ఆ రోజు హాలు కిక్కిరిసిపోయింది. చెంచురామయ్య ముందు వరసలో కూచున్నాడు. జైలు గుమ్మంలో కూచునే కోళ్ళ దొంగ కూడా చూడ్డానికి వచ్చాడు. సైదమ్మ కొత్త పగ్గం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఏడాది కిందట కొన్న ఆ పగ్గం ఇంతవరకూ గేదె మెడ ఎరగదు. మళ్ళీ వట్టి చేతులతో పోవలసివస్తే ఇక ఈ గుమ్మం తొక్కే ఓపిక తనకు లేదని ఆమెకు తెలుసు.

సరిగ్గా పదకొండు గంటలకు ఏసోబు మూడు గ్లాసులు తెచ్చాడు. అంచుల నిండా మీగడ. జలంధరరావుగారు ఒకటి తీసుకుని, ఇది నేరమా కాదా అన్నట్టు చూస్తూ తాగారు. "కాఫీయే," అన్నారు. పట్టాభిరామారావుగారు తాగి, "కాఫీయేనండి," అని రాసుకున్నారు. కృపానందంగారు దేవుణ్ణి తలుచుకుని, ముక్కు మూసుకుని ఒక గుక్క మింగారు.

పాపం, నెలల తరబడి చారన్నం మీద బతుకుతున్న ప్రాణం. ముక్కు వదిలెయ్యగానే ఆ వాసన నేరుగా నెత్తికెక్కింది.

"ఆహా," అన్నారు.

శిరస్తాదారుగారు కలం సిరాలో ముంచి, వినయంగా అడిగారు.

"ఆ మాట కూడా రాయమంటారాండి?"

"అధికార హోదాలోనే అన్నానండీ!" అన్నారు కృపానందంగారు, చెమటలు తుడుచుకుంటూ.

"ప్రభుత్వము 'ఆహా' అనదు," అన్నారు జలంధరరావుగారు. "ఆస్వాదన రుజువైనది. అయినను కాఫీ సంభవించినది కాబట్టి, సైదమ్మ తీర్పు ఈ కాఫీకి ముందుదిగా ఇంతటితో ఖరారైనది."

సైదమ్మ పగ్గం ముడి విప్పింది. "అయితే ఇప్పుకోనా అయ్యా?"

"తీర్పు ఖరారైనది. విడుదలకు వేరే ఉత్తర్వు కావలెను. దానిపై న్యాయాధికారి సంతకము పెట్టవలెను. ఆయన ఇప్పుడే కాఫీ తాగియున్నారు. కాఫీ తర్వాత సంతకము చెల్లదు."

"రేపు పొద్దున పెట్టచ్చు గదా, కాఫీకి ముందు?"

"ఆస్వాదించిన అధికారికి రేపు అనునది ఉండదు. నేటినుంచి ఆయన సస్పెన్షనులో ఉన్నారు. వారి తర్వాతి అధికారి రావలెను. ఇక దూడ సంగతి. అది నిర్బంధములో జనించినది. అది ఎవరిదనునది వేరే తేలవలెను. దాని ఆనవాళ్ళు ఏమని రాయించుకుంటావు?"

సైదమ్మకు ఏడుపు రాలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఒళ్ళంతా మంటెత్తే కోపం వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగి షెడ్డులోకి నడిచింది. కోర్టు పలుపు విప్పి పారేసి, బంగారి మెడకు తన పగ్గం కట్టింది. దూడను ఎత్తి మెడచుట్టూ వేసుకుంది. దాని వెనక తల్లి తోలకుండానే కదిలింది. షెడ్డు నుంచి గేటుకు పోవాలంటే హాలు దాటే పోవాలి. జనం రెండుగా చీలి దారిచ్చారు.

"ఆపండి! కోర్టు ఆస్తి!" అని కేకేశారు శిరస్తాదారుగారు. "అయ్యా, ఆపమని ఉత్తర్వివ్వండి!"

కృపానందంగారు నోరు తెరిచారు. సైదమ్మ ఆయన ఎదురుగా ఆగింది.

"దొరా, తమరిప్పుడు ఆపమన్నా అది కాఫీ తాగినాక మాటే గదా. చెల్లదని ఇప్పుడేగా చెప్పింది."

కృపానందంగారు తెరిచిన నోరు మూసి, జలంధరరావుగారి వంక చూశారు. ఆమె కూడా ఆయన వైపు తిరిగింది.

"తమరూ తాగారు. అందరం చూశాం." శిరస్తాదారుగారి వైపు తిరిగింది. "ఈ అయ్య తాగి రాసుకున్నాడు కూడా."

జలంధరరావుగారు తన ఖాళీ గ్లాసు వంక చూసుకున్నారు. దాన్ని మెల్లగా ఫైళ్ళ వెనక్కి జరిపారు.

"మరి నా బర్రె సంగతేందయ్యా?" అని లేచాడు చెంచురామయ్య. ఎవరూ పలకలేదు. పలికినా చెల్లదు గనక ఎవరూ ప్రయత్నించలేదు.

ఆ కోర్టులో కొలువున్నవాళ్ళలో కాఫీ తాగనివాడు ఇక ఒక్కడే మిగిలాడు. ఇన్నాళ్ళూ పాలు పితికి, కాచి, గ్లాసులు మోసిన ఏసోబుకు ఏనాడూ ఎవరూ ఒక్క గుక్క పొయ్యలేదు. అతను చంకలోని ట్రే కిందపెట్టి, తలపాగా సర్దుకుని, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. కేసులు పిలిచే గొంతుతో, ఊరంతా వినబడేలా అన్నాడు.

"సైదక్కా, బర్రెను తోలుకుపో. దూడను కూడా."

ఆ రోజు జొన్నలదిన్నె కోర్టులో చెల్లుబాటైన ఉత్తర్వు అదొక్కటే. దాని మీద అప్పీలుకు ఇంతవరకూ ఎవరూ పోలేదు.